సగ్గుబియ్యం వడియాల గది: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల ప్రదర్శన కోసం విశాఖలో 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గది. లోపల 4 వరసల వడియాల తెరలు, వాటి వెనక దీపాలు. చూసేవాళ్లు తెరల మధ్య సందుల్లోంచి నడుస్తారు. మినప అప్పడాలు ఈ పనికి రావు. వెలుతురు వాటిలోంచి సరిగా రాదు, పిండిలో వేసిన ఉప్పు, సోడా తేమ పీల్చడంతో అప్పడాలు రాత్రికి రాత్రే మెత్తబడి సాగిపోతాయి. సగ్గుబియ్యం వడియం ఎండితే పలకలా గట్టిపడుతుంది, లోపలి గింజలు చుక్కల్లా మెరుస్తాయి.

కొలతలు: రాత్రంతా నానిన గ్లాసు సగ్గుబియ్యానికి 6 గ్లాసుల నీళ్లు. గింజ మధ్యలో తెల్లచుక్క పోయేదాకా ఉడకాలి. చుక్క మిగిలితే ఎండాక సరిగ్గా అక్కడే పగులుతుంది. గరిటెడు పోసి 12 సెంటీమీటర్ల గుండ్రంగా పరిస్తే గ్లాసుకు 20 దాకా వస్తాయి, ఒక్కోటి ఎండాక 10 గ్రాములు. ఉప్పు అసలు వద్దు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే చెమరుస్తుంది, సముద్రం పక్కన ఉదయాలు ఆ గీత దాటడం మామూలే.

అసలు కిటుకు చిల్లు దగ్గరుంది. పూర్తిగా ఎండాక పొడిస్తే పెళ్లున విరుగుతుంది, పచ్చిగా ఉన్నప్పుడు పొడిస్తే పూడుకుపోతుంది. పైన తోలు కట్టి, ప్లాస్టిక్ షీటు నుంచి చిరగకుండా లేచే దశలో అంచుకు 1 సెంటీమీటరు లోపల ఈనెపుల్లతో గుచ్చి, పుల్ల తిప్పి తీయాలి. అప్పుడే బోర్లించి గుడ్డ మీద వేయకపోతే అంచులు పైకి చుట్టుకుంటాయి. సాయంత్రం 4 దాటాక ఇంకా బయటే ఉంచితే పొద్దుటినుంచి పోయిన తేమ మళ్లీ చేరుతుంది. వంచితే పుటుక్కుమనాలి. వంగితే డబ్బాలో పెట్టాక నల్లబూజు ఖాయం. డబ్బాలో ఒక వేయించిన బియ్యం మూట ఉంచితే మంచిది.

రంగులు మానేశాం. బీట్‌రూట్ ఉడికితే గోధుమరంగుకు తిరుగుతుంది, పసుపు ఎండకు వెలిసిపోతుంది. రంగు జిలెటిన్ కాగితం దీపానికి చుడితే సరిపోతుంది. 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ తెరకు అడుగు దూరంలో ఉండాలి. హాలోజన్ వేడికి వడియాలు మెలితిరుగుతాయి.

వేలాడదీయడానికి 40 నైలాన్ దారాలు, దారానికి 9 వడియాలు. ఒకదాని చిల్లులోంచి దారం తీసి దానికింద ఇంకోటి కడితే బరువంతా పై చిల్లు మీద పడి చీలుతుంది. దారం పైనుంచి కిందిదాకా ఒకటే పోవాలి, వడియాలను సన్నటి తీగ కొక్కేలతో ముడుల దగ్గర తగిలించాలి. దారాలు కట్టిన పైతీగ రెండు కొసలకూ వాజెలిన్ పూస్తే చీమలు దాటవు.

నేల మీద మరమరాలు పరుద్దామన్న ఆలోచన పక్కనపెట్టాం. నలిగి పొడి అవుతాయన్నది ఒక కారణం, తిండిని తొక్కమంటే మనవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారన్నది అసలు కారణం. గోనెపట్టా మీద రెండంగుళాల ఊక వేస్తే అడుగు చప్పుడు వస్తుంది. వాసనకు నూనె పోపు వద్దు, ఆవిరి వడియాలకు జిడ్డుగా అంటి దుమ్ము పడుతుంది. వేయించిన ధనియాలు, ఇంగువ పలచటి గుడ్డలో మూటగట్టి తలుపు పక్కన వేలాడదీస్తే చాలు.

నాలుగో తెర, తలుపు కింద ఎలుకలు రాకుండా రేకు మిగిలాయి. గదిలోని ఫ్యాను కనిష్ఠ వేగంలో కూడా ఇప్పటిదాకా కట్టినవాటిలో చివరి వరస వడియాల అంచులు కొట్టుకుంటున్నాయి. ఆ టకటక వినడానికి బాగుంది గానీ, అంచులు పెచ్చులూడుతున్నాయి, కాబట్టి ఫ్యాను గోడవైపు తిప్పి చూడాలి.