ఈల వంపు నుంచి డి విలువ తీయడం

మెరుపు ఒక్క క్షణంలో బోలెడు ఫ్రీక్వెన్సీలను కలిపి విసురుతుంది. వీఎల్ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాల) రిసీవర్‌లో ‘టప్’మని వినిపించే స్ఫెరిక్ అదే. అందులో కొంత అయనోస్ఫియర్ (వాతావరణం పైభాగంలోని విద్యుదావేశిత పొర) దాటి, అయస్కాంత రేఖ వెంబడి వేల కిలోమీటర్లు తిరిగి, అవతలి అర్ధగోళంలో ఈలలా దిగుతుంది. దాన్నే విజ్లర్ అంటాం. దారిలోని ప్లాస్మాలో (విద్యుదావేశిత వాయువులో) పై ఫ్రీక్వెన్సీలు ముందు వెళ్తాయి, కిందివి వెనకబడతాయి. ఈల జారేది అందుకే. ఈ దారిని 1953లో ఓవెన్ స్టోరీ వివరించాడు.

లెక్క చిన్నదే: స్ఫెరిక్ తర్వాత ఆలస్యం = డి ÷ √ఫ్రీక్వెన్సీ. ఈల దారిలో ఎంత సాగిందో చెప్పే సంఖ్యే డి (డిస్పర్షన్). కాలానికి ఎదురుగా ఫ్రీక్వెన్సీ గీసిన చిత్రంలో ఈల వంపుగా కనిపిస్తుంది. ఆ వంపు మీద 5 కిలోహెర్ట్జ్, 2 కిలోహెర్ట్జ్ బిందువుల మధ్య 0.5 సెకను తేడా ఉందనుకోండి. హెర్ట్జ్‌లలో 1/√ఫ్రీక్వెన్సీ విలువలు 0.01414, 0.02236, తేడా 0.00822. డి సుమారు 61. అంటే స్ఫెరిక్ 5 కిలోహెర్ట్జ్ బిందువుకు 0.86 సెకను ముందు ఉండాలి. అక్కడ ఏమీ కనబడకపోతే, బిందువులు సరిగా గుర్తించారో లేదో మళ్లీ చూడండి. చెవికి బాగా వినబడిన పెద్ద ‘టప్’నే మూలం అనుకోవడం అందరూ చేసే పొరపాటు.

రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో, కుదించని ఫైల్‌గా ఉండాలి. ఎఫ్ఎఫ్‌టీకి (ధ్వనిని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్కకు) 1024 బిందువులు చాలు: ఫ్రీక్వెన్సీలో 47 హెర్ట్జ్, కాలంలో 21 మిల్లీసెకన్ల మేర తేడా తెలుస్తుంది. 8192 పెడితే గీత సన్నగా, అందంగా కనిపిస్తుంది కానీ కాలం 171 మిల్లీసెకన్ల మేర అలుక్కుపోతుంది. కరెంటు తీగల హమ్ ప్రీయాంప్‌ను (సంకేతాన్ని పెంచే భాగాన్ని) దాని పరిమితి దాటించి క్లిప్ చేస్తే ఆ హార్మోనిక్‌లు వంపునే మింగేస్తాయి. తర్వాత ఏ ఫిల్టరూ ఆదుకోదు. తీగలకు దూరంగా వెళ్లడం ఒక్కటే మందు.

ఈ సూత్రం అన్నిసార్లూ పనిచేయదు. భూకేంద్రం నుంచి 4 భూవ్యాసార్ధాల ఎత్తుకు వెళ్లే రేఖ మీద, భూమధ్య తలం దగ్గర ఎలక్ట్రాన్ గైరో ఫ్రీక్వెన్సీ (అయస్కాంత రేఖ చుట్టూ ఎలక్ట్రాన్ సెకనుకు తిరిగే సార్లు) దాదాపు 13.6 కిలోహెర్ట్జ్. అలాంటి దారిలో 5 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల తరంగం అన్నిటికన్నా ముందు చేరుతుంది, దానికి పైనున్నవి మళ్లీ ఆలస్యమవుతాయి. వంపుకు ముక్కు మొలుస్తుంది. అప్పుడు ముక్కుకు బాగా కిందున్న భాగాన్నే కొలవాలి.

ఒకే ఈల రెండు అర్ధగోళాల మధ్య అటూ ఇటూ తిరిగి మళ్లీ మళ్లీ వినిపించే ప్రతిధ్వనుల వరుస దొరికితే పంట పండినట్టే. డి విలువలు 1:3:5గా పెరిగితే మెరుపు అవతలి అర్ధగోళానిది. 1:2:3 అయితే ఇటువైపుదే.