బైండ్ 0 ఇచ్చింది, 8080 మాత్రం తెరుచుకోలేదు

సీ భాషలో లిజనింగ్ సాకెట్‌కి, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్ల కోసం ప్రోగ్రాం తెరిచే ద్వారానికి, కావాల్సినవి నాలుగు కాల్సే: సాకెట్, బైండ్, లిజన్, ఆక్సెప్ట్. మొదటిది ఒక్క లైను. మైనస్ 1 రాకపోతే ముందుకు పోవడమే.

పొద్దంతా తినేసింది బైండ్, అంటే సాకెట్‌కి పోర్టు నంబరు కట్టే కాల్. పోర్టు 8080 అని రాశాను. బైండ్ 0 ఇచ్చింది (అంతా సరే అని), లిజనూ 0 ఇచ్చింది, ప్రోగ్రాం ఆక్సెప్ట్ దగ్గర బుద్ధిగా కూర్చుంది. క్లయింటుకేమో ఎర్రర్ 111, కనెక్షన్ రిఫ్యూజ్డ్. ఫైర్‌వాల్ తీసేశాను. తెలివితక్కువ పని: ఫైర్‌వాల్ ప్యాకెట్లను మింగేస్తే మామూలుగా వచ్చేది టైమవుట్, 110. రిఫ్యూజ్డ్ అంటే సాధారణంగా ఆ పోర్టులో వినేవాడే లేడని.

"అన్నా, ఒకపాలి ఎస్ఎస్ కొట్టి చూడరాదే" అన్నాడు పక్క సీటు తమ్ముడు, ఉద్యోగంలో చేరి నెల కాలేదు. ఎస్ఎస్ అంటే మెషీన్‌లో తెరిచి ఉన్న సాకెట్లను చూపే కమాండ్. ఎస్ఎస్ మైనస్ ఎల్‌టీఎన్ కొడితే 0.0.0.0:36895 అని కనబడింది. ఆ అంకె నా కోడ్‌లో ఎక్కడా లేదు.

8080 అంటే హెక్సాలో 1ఎఫ్90. ఇంటెల్ మెషీన్ అంకెలో కుడివైపు బైటును ముందు పెడుతుంది, కాబట్టి మెమరీలో 90, ఆ తర్వాత 1ఎఫ్. నెట్‌వర్క్ లెక్కలో ముందుండేది ఎడమవైపు బైటు. దాన్ని 901ఎఫ్ అని చదివితే 36895. బైండ్‌కిచ్చే అడ్రస్‌లో పోర్టు రాసే చోటు సిన్_పోర్ట్. అందులో 8080 బదులు, బైట్లను నెట్‌వర్క్ వరసలోకి మార్చే హెచ్‌టాన్స్(8080) పెట్టగానే పని అయిపోయింది. రెండూ 16 బిట్ల అంకెలే కాబట్టి కంపైలర్ కిక్కురుమనదు. అమీర్‌పేటలో ఫీజు కట్టి తెచ్చుకున్న జిరాక్స్ నోట్సులో ఈ హెచ్‌టాన్స్ పక్కన "ఆప్షనల్" అని ఉంది. రాసినాయన ఒక్కసారైనా రన్ చేసి చూశాడా?

తర్వాతిది అందరికీ తగిలేదే: సర్వర్ ఆపి మళ్లీ లేపితే ఎర్రర్ 98, అడ్రస్ వాడుకలో ఉందని. కనెక్షన్‌ని ముందు మూసిన వైపు టైమ్_వెయిట్‌లో, అంటే మూసినా కాసేపు ఆగే స్థితిలో, పడుతుంది, లినక్స్‌లో 60 సెకన్లు. సెట్‌సాక్‌ఆప్ట్ కాల్‌తో ఎస్ఓ_రీయూజ్అడర్ (అడ్రస్‌ని మళ్లీ వాడుకోనిచ్చే ఆప్షన్) పెట్టాలి, అదీ బైండ్‌కి ముందే. వెనక పెడితే దండగ. పాత ప్రాసెస్ ఇంకా లిజన్‌లోనే ఉంటే మాత్రం ఇదీ పనిచేయదు, దాన్ని చంపాల్సిందే.

లిజన్‌లో బ్యాక్‌లాగ్ (ఆక్సెప్ట్ కోసం ఆగే కనెక్షన్ల క్యూ పొడవు) ఎంతిచ్చినా సోమ్యాక్స్‌కాన్ అనే సిస్టమ్ పరిమితి దాటనివ్వదు, లినక్స్ 5.4 నుంచి దాని డీఫాల్ట్ 4096, అంతకుముందు 128. ఆక్సెప్ట్ కొత్త ఎఫ్‌డీ (ఫైల్ డిస్క్రిప్టర్, సాకెట్‌ని గుర్తుపట్టే నంబరు) ఇస్తుంది. క్లయింటుతో మాట్లాడేదీ, పనయ్యాక మూసేదీ దాన్నే. పొరపాటున లిజనింగ్ ఎఫ్‌డీని మూస్తే మొదటి క్లయింటే ఆఖరి క్లయింటు.