రామానుజన్‌కి ఆటిజమా? రసం కథకి మార్కులు వేసి చూద్దాం

రామానుజన్‌కి మూడేళ్లు వచ్చేదాకా మాటలు దాదాపు లేవని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. ఐన్‌స్టీన్‌కీ మాటలు ఆలస్యమేనని చెల్లెలు మాయా రాసిపెట్టింది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి "ఇద్దరూ స్పెక్ట్రమ్ మీద ఉన్నవాళ్లే" (అంటే ఆటిజం ఉన్నవాళ్లే) అని తేల్చేసే వీడియోలకు కొదవలేదు. అదే ముక్కని తిరగేసి, రెండున్నరేళ్లొచ్చినా మాట్లాడని పిల్లాడి తల్లితో "ఏం కాదులేమ్మా, ఐన్‌స్టీన్ కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అనే పెద్దవాళ్లకూ కొదవలేదు. వీడియోల వల్ల రామానుజన్‌కి ఇప్పుడు పోయేదేమీ లేదు. ఆ ఓదార్పు వల్ల మాత్రం పిల్లాడికి విలువైన ఒక ఏడాది పోతుంది.

ముందు నిర్ధారణ ఏం అడుగుతుందో చూద్దాం. డాక్టర్లు ఎక్కువగా వాడే డీఎస్ఎమ్-5 (మానసిక సమస్యల నిర్ధారణకి అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం) 2013 నాటిది. సామాజిక వ్యవహారంలో మూడు ఇబ్బందులు, మూడూ ఉండాలి: మాటనీ భావాన్నీ ఇచ్చిపుచ్చుకోవడంలో, చూపు-సైగ-ముఖకవళికల వాడకంలో, స్నేహాలు కలుపుకుని నిలుపుకోవడంలో. ఆపైన నాలుగు ప్రవర్తనల్లో కనీసం రెండు: ఒకే కదలికనో మాటనో మళ్లీ మళ్లీ చెయ్యడం, మార్పుని తట్టుకోలేకపోవడం, ఒకే విషయం మీద విపరీతమైన ఆసక్తి, శబ్దం-స్పర్శ-వాసన లాంటివాటికి అతిగా గానీ తక్కువగా గానీ స్పందించడం. ఇవి చిన్నతనంలోనే మొదలై ఉండాలి, రోజువారీ జీవితాన్ని గట్టిగా దెబ్బతీస్తూ ఉండాలి, బుద్ధిమాంద్యంతోనో మొత్తం ఎదుగుదల ఆలస్యంతోనో వివరించగలిగేవి కాకూడదు.

ఈ జాబితాలో "మాటలు ఆలస్యం" లేదు. తమాషా ఏమిటంటే, 1994 నాటి డీఎస్ఎమ్-4లో ఆస్పర్జర్స్ (ఆటిజంకి దగ్గరగా అప్పట్లో విడిగా ఉన్న నిర్ధారణ పేరు) అనాలంటే రెండేళ్లకి విడి మాటలు, మూడేళ్లకి చిన్న వాక్యాలు వచ్చి ఉండాలనేది షరతు. మూడేళ్ల దాకా మాట్లాడలేదు కాబట్టి ఆస్పర్జర్స్ అనేవాళ్లు, ఏ సాక్ష్యం ఆ పేరుని కొట్టేస్తుందో దాన్నే పట్టుకుని ఆ పేరు పెడుతున్నారన్నమాట.

రామానుజన్ విషయంలో ఇంకో సంగతి. 1889 డిసెంబరులో, రెండేళ్ల వయసులో ఆయనకి మశూచి సోకింది. మాటలు రావాల్సిన కాలంలో అంత జబ్బు పడ్డ పిల్లాడికి మాట వెనకబడితే ముందుగా అడగాల్సింది ఆ జబ్బు గురించి.

ఆటిజం వాదానికి తరచుగా వాడే కథ కేంబ్రిడ్జ్‌లో రసం కథ. రామానుజన్ ఒక భారతీయ మిత్రుణ్ణీ, ఆయనకి కాబోయే భార్యనీ, మరో మహిళనీ భోజనానికి పిలిచి స్వయంగా వండి వడ్డించాడు. ఆడవాళ్లు రసం రెండోసారి వేయించుకున్నారు, మూడోసారి వద్దన్నారు. కాసేపటికి చూస్తే రామానుజన్ గదిలో లేడు. కొన్నాళ్లకి ఆక్స్‌ఫర్డ్ నుంచి ఐదు పౌండ్లు పంపమని టెలిగ్రామ్ వచ్చింది. తను వడ్డించింది వద్దనేసరికి అవమానంగా అనిపించిందని తర్వాత చెప్పాడు. దీన్ని "సామాజిక సంకేతాలు అర్థం కాకపోవడం" కింద రాసేస్తారు. మన ఇళ్లల్లో వడ్డించే చెయ్యిని అడ్డుకుంటే ఎంత నొచ్చుకుంటారో తెలిసినవాళ్లకి ఇది సంకేతం అందకపోవడంలా కాదు, అతిగా అందడంలా కనిపిస్తుంది. లేచి ఊరు దాటిపోవడం మామూలు సంగతి కాదు, ఒప్పుకుంటాను.

ఇప్పుడు దీనికి మార్కులు వేద్దాం. మన దేశంలో ఆటిజం వైకల్య సర్టిఫికెట్‌కి వాడే స్కేల్ ఐఎస్ఏఏ, తయారైంది సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్ సంస్థలో (ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ). మొత్తం 40 అంశాలు, ఆరు విభాగాలు: సామాజిక సంబంధాలు 9, భావ స్పందన 5, మాట-భాష 9, ప్రవర్తన 7, ఇంద్రియ స్పందన 6, ఆలోచనకి సంబంధించినవి 4. ఒక్కో అంశానికి 1 నుంచి 5. ఆ అంకె పడేది ఎంత వింతగా ఉందన్నదాన్ని బట్టి కాదు, ఎంత తరచుగా జరుగుతుందన్నదాన్ని బట్టి: 20 శాతం లోపు సమయాల్లో అయితే 1, 40 శాతం దాకా 2, అలా పెరుగుతూ 80 శాతం దాటితే 5. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు, 70–106 తక్కువ స్థాయి, 107–153 మధ్యస్థం, 153 దాటితే తీవ్రం.

ఇంగ్లండ్‌లో ఉన్న ఐదేళ్లలో ఒక్క రాత్రి రసం దగ్గర జరిగిన దానికి ఇక్కడ వచ్చేది 1. ఏమీ జరగకపోయినా వచ్చేది అదే 1. ఏ మహానుభావుడి కథైనా ఇక్కడే ఇరుక్కుంటుంది. ఎందుకంటే జనం చెప్పుకునేది మామూలుగా జరగనిదాన్నే. అతిథి తిని, చెయ్యి కడుక్కుని, కబుర్లు చెప్పి వెళ్లిన పూటల్ని ఎవరూ రాసిపెట్టలేదు. భాగహారంలో కింద ఉండాల్సిన సంఖ్యే చేతిలో లేనప్పుడు శాతం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇదే స్కేల్‌లో చివరి రెండు అంశాలు అసాధారణ జ్ఞాపకశక్తి, సావంట్ తరహా ప్రతిభ (ఏదో ఒక్క విషయంలో అబ్బురపరిచే నేర్పు). రామానుజన్ మేధ మొత్తాన్నీ ఉదారంగా ఈ రెండిట్లో కుమ్మరించి చెరో 5 వేసినా 10. మిగతా 38 అంశాలకీ కనీసం ఒక్కొక్కటి కలిపితే 48. గీత 70 దగ్గరుంది. మేధావి కాబట్టి ఆటిజం ఉంటుందన్న లెక్క ఏ స్కేల్ మీదా నిలబడదు.

మరి అసలు పరీక్ష చెయ్యాలంటే? ఏడీఐ-ఆర్ అనే ఇంటర్వ్యూలో 93 ప్రశ్నలు ఉంటాయి. గంటన్నర నుంచి రెండున్నర గంటలు తల్లినో పెంచినవాళ్లనో కూర్చోబెట్టి అడుగుతారు. చాలా అంశాలకి నాలుగు-ఐదేళ్ల వయసులో ఎలా ఉండేవాడన్నదే కీలకం. రామానుజన్ తల్లి కోమలతమ్మాళ్‌ని అడిగినవాళ్లు లేరు. ఏడాస్ అనే పరీక్షలో ఎదుటి మనిషితో 40 నుంచి 60 నిమిషాలు ఆడి, మాట్లాడి చూస్తారు. దానికి మనిషి ఎదురుగా ఉండాలి. ఇక ఏక్యూ అని ఇంటర్నెట్‌లో తిరిగే 50 ప్రశ్నల పత్రం 2001లో కేంబ్రిడ్జ్‌లో తయారైంది, గీత 32 దగ్గర. అది ఎవరికి వారు నింపుకునే పత్రం, వడపోతకే తప్ప నిర్ధారణకి కాదు. చనిపోయినవాడి తరఫున అభిమాని నింపితే కొలిచేది అభిమానినే.

కేంబ్రిడ్జ్ రోజుల మీద ఇంకో నీడ ఉంది. 1914లో వెళ్లాడు, కొన్ని నెలలకే యుద్ధం. శాకాహారికి సరుకులు దొరకని ఊళ్లో ఒంటరి వంట, చలి. 1917 నుంచి శానిటోరియంలు. 1918లో లండన్ భూగర్భ రైలు పట్టాల మీదకి దూకి ప్రాణాలతో బయటపడ్డాడు. ఈ కాలంలో మనిషి ముభావంగా ఉంటే ఆటిజం దాకా వెళ్లక్కర్లేదు. పైగా ఆయన్ని దగ్గరగా ఎరిగిన కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీ, తూర్పు దేశపు వింత మనిషిగా చూపించే ధోరణిని గట్టిగా కాదన్నాడు. ఆయన దృష్టిలో రామానుజన్ గొప్ప గణితవేత్త అయిన వివేకవంతుడైన మనిషి.

అయితే ఈ పని ఎప్పుడూ వట్టిదేనా? కాదు. హెన్రీ కావెండిష్ (1731–1810) సంగతి వేరు. హైడ్రోజన్‌ని విడిగా గుర్తించి, 1797–98లో భూమి సాంద్రతని కొలిచిన మనిషి. నరాల వైద్యుడు ఆలివర్ శాక్స్ 2001లో ఈయన గురించి రాస్తూ న్యూటన్, ఐన్‌స్టీన్‌ల విషయంలో సాక్ష్యం పలచన అనీ, కావెండిష్ విషయంలో చిక్కగా ఉందనీ తేడా చూపించాడు. ఆ చిక్కదనం ఎక్కడిదంటే, జార్జ్ విల్సన్ 1851లో తెచ్చిన జీవితచరిత్రలో ఒకరితో ఒకరికి సంబంధం లేని సాక్షులు, వేర్వేరు దశాబ్దాల్లో చూసింది, ఒకేలా చెబుతారు. రాత్రి భోజనానికి ఏం కావాలో చీటీ రాసి బల్ల మీద పెట్టేవాడు. పనిమనిషి ఎదురుపడకుండా వెనక మెట్లు కట్టించుకున్నాడు. రాయల్ సొసైటీ విందుల్లో కొత్తవాళ్లు పలకరిస్తే తప్పించుకుపోయేవాడు. ఇక్కడ "ఎంత తరచుగా" అన్న ప్రశ్నకి జవాబు ఉంది. అయినా ఆయన రెండేళ్ల వయసులోనే తల్లి పోయింది, బాల్యం గురించిన గది ఖాళీ. కాబట్టి "బహుశా" దగ్గర ఆగాలి. నాకు ఆ బహుశా న్యాయంగానే అనిపిస్తుంది.

ఐన్‌స్టీన్ కేసు దీనికి పూర్తిగా అటువైపు. రెండేళ్ల మనవడి తమాషా ఊహల గురించి అమ్మమ్మ ఉత్తరంలో ముచ్చటపడింది. మాటలు లేని పిల్లాడి ఊహలు ఎలా తెలిశాయో!

బతికున్నవాళ్ల మీద ఊహాగానాలకి ఇంకా పాత గుణపాఠం ఉంది. 1964లో ఒక అమెరికన్ పత్రిక అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ మానసిక స్థితి మీద సైకియాట్రిస్టులకి ప్రశ్నపత్రం పంపింది. 1,189 మంది ఆయన్ని కలవకుండానే పనికిరాడన్నారు. ఆయన దావా వేసి గెలిచాడు. పరీక్ష చెయ్యని మనిషి గురించి వృత్తిపరమైన అభిప్రాయం చెప్పకూడదన్న నియమం 1973లో వచ్చింది. సొంత నోటి మాటనీ జాగ్రత్తగానే తీసుకోవాలి: కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్ 2014లో తను స్పెక్ట్రమ్ మీద ఉన్నాననుకుంటున్నానన్నాడు, కొన్ని వారాలకే కాదన్నాడు.

ఇక రెండున్నరేళ్ల పిల్లాడు. ఏడాదికి బాబ్లింగ్ (బా-బా, దా-దా లాంటి పలుకులు) లేకపోయినా, వేలితో చూపించకపోయినా, 16 నెలలకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకి "అమ్మా రా" లాంటి రెండు మాటల జత సొంతంగా అనకపోయినా చూపించాలి. వచ్చిన మాటలు పోతే ఏ వయసైనా సరే, వెంటనే. ముందు వినికిడి, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడానికి చెవి కూడా కారణం కావచ్చు, బెరా (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే) పరీక్షతో తేలుతుంది. 16 నుంచి 30 నెలల మధ్య అయితే ఎమ్-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల వడపోత: 0–2 వస్తే ఊరట, అయితే రెండేళ్ల లోపు పిల్లలకి రెండో పుట్టినరోజు తర్వాత మళ్లీ, 3–7 అయితే ఆ అంశాల మీదే వివరంగా మళ్లీ అడగాలి, 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నేరుగా నిపుణుల దగ్గరికి. ప్రభుత్వ దారిలో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల జాతీయ కార్యక్రమం) కింద జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే డీఈఐసీ (ఎదుగుదల సమస్యల్ని తొందరగా పట్టుకునే) కేంద్రాల్లో ఇది ఉచితం. వెళ్లేటప్పుడు ఫోన్‌లో నాలుగు చిన్న వీడియోలు ఉంచుకోండి: అన్నం తింటూ, ఒంటరిగా ఆడుకుంటూ, ఇంకో పిల్లతో, వెనకనుంచి పేరు పిలిచినప్పుడు. కొత్త గదిలో ఏడుస్తున్న పిల్లాడు అరగంటలో చూపించనిది ఆ వీడియోలు చూపిస్తాయి. మొదటి మాట ఏ నెలలో వచ్చిందో కాగితం మీద రాసుకోండి, అక్కడ అడిగితే చాలామందికి గుర్తుకురాదు. స్పీచ్ థెరపీకి పేరు రాయించుకోవడానికి తుది నిర్ధారణ కాగితం వచ్చేదాకా ఆగక్కర్లేదు.