చాథం కోత మిల్లులో నాన్నతో ఒక పూట

వంతెన ఎక్కగానే నాన్న నడక వేగం పెరిగింది. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌ను చాథం ద్వీపంతో కలిపే ఈ వంతెన చాలా చిన్నది. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురంగా మారినా నాన్న నోట ఇంకా పాత పేరే వస్తుంది. చిన్నప్పుడు రోజూ మధ్యాహ్నం ఈ వంతెన మీదుగానే తాతయ్యకు అన్నం క్యారియర్ తీసుకెళ్లేవాడు.

చాథం కోత మిల్లు 1883లో మొదలైంది. తాతయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి, విశాఖలో ఓడ ఎక్కి, ఇక్కడ బాయిలరు దగ్గర పనికి కుదిరాడు. కోతలో మిగిలిన చెక్కముక్కలే ఆ పొయ్యికి మేత. పుట్టిన ఆవిరి ఇంజనును నడిపేది, ఇంజను పొడవాటి ఇరుసును తిప్పేది, ఇరుసు మీది చక్రాల నుంచి తోలు బెల్టులు రంపాలకు వెళ్లేవి. పొయ్యిలో పచ్చి చెక్క పడితే మంట మందగించి ఆవిరి తగ్గుతుంది. అప్పుడు రంపం దుంగ మధ్యలో మూలుగుతుంది. తాతయ్య ఆ మూలుగు విని, మీటరు వంక చూడకుండానే ఎండు చెక్క అందుకునేవాడట. ఆ చెవి నాకు రాలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు రంపాలు కరెంటుతో తిరుగుతున్నాయి. బాయిలరు ఉన్న చోటు ఇదేనా అని నాన్న రెండు మూడు మూలల దగ్గర ఆగాడు, ఎక్కడా తేల్చుకోలేకపోయాడు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబు పడిన గొయ్యి మాత్రం ఆవరణలో అలాగే ఉంది. దాని చుట్టూ పరిగెత్తి తాతయ్య చేత తిట్లు తిన్నది గుర్తు చేసుకున్నాడు. అటవీ మ్యూజియంలో చెక్క బొమ్మలను త్వరగానే చూసేశాం.

మమ్మల్ని కట్టిపడేసింది అప్పుడే కోసిన పడౌక్ అనే ఎర్ర కలప పలక. కాల్చిన ఇటుక మీద నీళ్లు చల్లినట్టు ఎర్రగా మెరుస్తోంది. కింద పొట్టు కూడా ఎరుపే. తాతయ్య పంచెలు ఎంత ఉతికినా తెల్లబడేవి కావని నానమ్మ ఎందుకు అనేదో అక్కడ అర్థమైంది.

మా ఇంట్లో ఒక పీట ఉంది. తాతయ్య మిల్లు నుంచి తెచ్చిన ముక్కతో చేయించినది. నాకు తెలిసినప్పటి నుంచీ అది ముదురు గోధుమరంగే. గాలి, వెలుతురు తగిలేకొద్దీ పడౌక్ నల్లబడుతుందని అక్కడి కార్మికుడు చెప్పాడు. నాన్న పలక మీద అరచెయ్యి ఆనించి, "మన పీట కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేది. నేను చూశాను, మరిచిపోయాను" అన్నాడు.

ఇంటికి చేరిన రాత్రి పీటను బోర్లించి చూశాం. కాలి సందున, వెలుతురు సోకని చోట, వేలి గోరంత మేర ఎరుపు ఇంకా మిగిలి ఉంది.