తక్కువ బడ్జెట్ సినిమా, నిజమైన లెక్క: అవార్డులకు ఎంట్రీ పంపిన మా అనుభవం

మా అక్క కొడుకు తీసిన 84 నిమిషాల సినిమాకు నిర్మాతను నేను. అనంతపురంలో నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. సినిమా తీయడం వాడి పని. లెక్కలు, కాగితాలు, ఎంట్రీలు పంపడం నా పని. తక్కువ డబ్బుతో సొంతంగా సినిమా తీసి అవార్డులకు పంపాలనుకునే పిల్లలు మా వైపు చాలామందే ఉన్నారు, షాపుకొచ్చి అడుగుతుంటారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

కళ్యాణదుర్గం దగ్గరి పల్లెలో ఒక ముసలామె, బెంగళూరుకు వలసపోయిన కొడుకు, అమ్మకానికి పెట్టిన ఎద్దుల జత. ఇదీ కథ. పేరున్న నటులు లేరు, సినిమా పాటలు లేవు. చివరి పావుగంట మాటలే ఉండవు. అది తీసేస్తే గానీ ఎవరూ చూడరని చూసినవాళ్లలో చాలామంది చెప్పారు. మావాడు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. నిజానికి ఆ పావుగంట నచ్చే నేను డబ్బు పెట్టాను.

అవార్డుల సంగతి మొదలైనప్పుడు వాడు నాకు మొదట చూపించింది జాన్ కాసవెటిస్ అవార్డు. అమెరికాలో ఫిల్మ్ ఇండిపెండెంట్ అనే సంస్థ ఏటా ఇచ్చే ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డుల్లో అదొకటి. ఇంత డబ్బు లోపల తీసిన సినిమాకే ఇస్తామని అందులో ఒక హద్దు పెట్టారు. చాలా ఏళ్లు ఆ హద్దు 5 లక్షల డాలర్లు. 2022లో 10 లక్షల డాలర్లకు పెంచారు. మన లెక్కలో ఎనిమిది కోట్ల పైమాటే, అయినా అక్కడ అది చిన్న సినిమా. అవార్డును రచయితకు, దర్శకుడికి, నిర్మాతకు కలిపి ఇస్తారు. ఇది నాకు బాగా నచ్చింది. ఆ అవార్డుకు ఎవరి పేరు పెట్టారో ఆ అమెరికా దర్శకుడు కాసవెటిస్ కూడా తక్కువ డబ్బుతో సొంతంగా తీసిన మనిషే. 1959లో వచ్చిన తన మొదటి సినిమాకు రేడియోలో మాట్లాడి శ్రోతల దగ్గర డబ్బు పోగుచేశాడు. తర్వాత వేరేవాళ్ల సినిమాల్లో వేషాలు వేసి, ఆ సంపాదన తన సినిమాల్లో పెట్టాడు.

ఆ అవార్డు అమెరికా సినిమాలకే. బయటి దేశాల సినిమాలకు అక్కడ వేరే విభాగం ఉంది. పి.ఎస్. వినోద్‌రాజ్ తమిళంలో తీసిన ‘కూళాంగల్’ 2021లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టైగర్ అవార్డు గెలిచాక ఆ విభాగంలోనే నామినేట్ అయింది. ఎండిన నేల, ఎండలో నడిచే తండ్రీ కొడుకులు, అంతే ఆ సినిమా. మనకు తెలియని ఎండా, తెలియని నేలా? అస్సాంలో రిమా దాస్ తన ఊరి పిల్లలనే పెట్టి, కెమెరా, ఎడిటింగ్ తానే చేసుకుని తీసిన సినిమాకు 65వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రంగా స్వర్ణ కమలం వచ్చింది. వీళ్లను చూశాకే మాకు ధైర్యం వచ్చింది.

పంపేముందు నేను చేసిన పని రూల్స్ ప్రింట్ తీసి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదవడం. ఒక్కో చోట ఒక్కో పట్టింపు. జాతీయ అవార్డుల్లో ఫీచర్ సినిమా అనిపించుకోవాలంటే 72 నిమిషాలు దాటాలి, ఆ క్యాలెండర్ సంవత్సరంలోనే సెన్సార్ సర్టిఫికెట్ వచ్చుండాలి. ఫెస్టివల్స్‌కు సర్టిఫికెట్ లేకపోయినా ఫర్వాలేదు, కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు వాళ్లే తెచ్చుకుంటారు. పెద్ద ఫెస్టివల్స్‌లో చాలావాటికి మాత్రం సినిమా అంతకుముందు ఎక్కడా వేసుండకూడదు. యూట్యూబ్‌లో ఒక్కరోజు పెట్టినా ఆ దారి మూసుకుపోతుంది. అందుకే లింక్‌కు పాస్‌వర్డ్ పెట్టాం, చుట్టాలకు కూడా ఇవ్వలేదు. ఫీజుల విషయంలో నా సలహా ఒకటే. ఫెస్టివల్స్‌కు ఎంట్రీలు పంపే వెబ్‌సైట్ ఫిల్మ్‌ఫ్రీవేలో కనిపించిన ప్రతిదానికీ కట్టొద్దు. నెలనెలా అవార్డులు ఇచ్చేవి, అడిగినవాళ్లందరికీ సర్టిఫికెట్ పంపేవి బోలెడున్నాయి. పోయినేడాది ఏ సినిమాలకు ఇచ్చారో, ఏ థియేటర్‌లో వేశారో చూడండి. అది తెలియకపోతే వదిలేయండి.

అసలు కష్టం బడ్జెట్ పత్రం దగ్గర వచ్చింది. మేం పంపాలనుకున్న ఫెస్టివల్ పోటీలో తక్కువ బడ్జెట్ విభాగానికి ఖర్చు వివరం రాసి, నిర్మాత సంతకం పెట్టి పంపాలి. చేతి నుంచి పోయిన డబ్బు ఆరు లక్షల లోపే. మావాడు అదే రాయమన్నాడు.

“ఆరు లక్షల్లో తీశామంటే వాళ్లకే అర్థమవుతుంది మామా, ఎంత తెగించి తీశామో.”

నేను రాయలేదు. సౌండ్ చేసిన అబ్బాయి హైదరాబాద్ నుంచి తన మైకులు, రికార్డర్ తెచ్చుకుని పైసా తీసుకోకుండా పనిచేశాడు. కెమెరా మా ఊరి పెళ్లిళ్ల వీడియోలు తీసేవాళ్లది, అద్దె అడగలేదు. పల్లెలో ఇద్దరు ఆడవాళ్లు రోజూ సంగటి, ఊరిబిండి చేసి పెట్టారు, వాళ్ల కూలి కూడా తర్వాత అన్నాం. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో నా లెక్కల పుస్తకంలో తేదీలతో సహా ఉంది. బయట ఎవరైనా ఆ పనికి ఎంత తీసుకుంటారో కనుక్కుని, ‘ఇవ్వాల్సినది’ అని ఇంకో వరుస గీసి రాశాను. మొత్తం పదకొండు లక్షలు దాటింది. మావాడి మొహం చిన్నబోయింది. రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే షాపుకొచ్చి, నేను మర్చిపోయిన ఆటో అతని పేరు వాడే ఆ వరుసలో రాశాడు.

ఈ మాట గట్టిగానే చెబుతాను. తక్కువ బడ్జెట్ సినిమాకు ఇచ్చే అవార్డు, మనుషులకు కూలి ఎగ్గొట్టినందుకు ఇచ్చే అవార్డు కాకూడదు. తెగువ అంటే ఆ చివరి పావుగంట. వంటావిడకు డబ్బులివ్వకపోవడం తెగువ కాదు.

తర్వాత సమ్మతి పత్రాలు. నటించిన ప్రతివాళ్ల దగ్గరా రాతపూర్వకంగా ఉండాలి. మా ముసలామెగా చేసిన పెద్దమ్మ చదువుకోలేదు. కాగితం చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

“సంతకం ఏంటికి నాయనా? నా మొగం నేనిస్తిని గదా. దీంట్లో నా భూమి గీమి ఏమన్నా ఉండాదా?”

ఆమె అడిగింది న్యాయమే. వేలిముద్రతో భూములు పోగొట్టుకున్నవాళ్లు ఆ ఊళ్లలో ఉన్నారు. అరుగు మీద కూర్చుని, ఆమె మనవడి ఎదుట ప్రతి వాక్యం చదివి వినిపించాను. అంతా విని ఒక షరతు పెట్టింది. “సినిమా అయినాక ఊర్లో అందరికీ చూపియ్యాల.” అది కూడా పెన్నుతో చివర్లో రాశాకే వేలిముద్ర వేసింది, మనవడు సాక్షి సంతకం పెట్టాడు. ఇక్కడ ప్రీమియర్ రూల్, అంటే ముందే ఎక్కడా వేసుండకూడదన్న రూల్, అడ్డొస్తుందేమోనని ఫెస్టివల్ వాళ్లకు మెయిల్ రాశాను. టికెట్ లేకుండా, నటించినవాళ్లకూ ఊరివాళ్లకూ వేసుకుంటే అభ్యంతరం లేదన్నారు. అనుమానం ఉంటే అడగండి, చాలాచోట్ల ఓపిగ్గా జవాబిస్తారు.

ఎద్దుల సంగతి చాలామందికి తెలియదు. సినిమాలో జంతువు పనిచేస్తే షూటింగ్‌కు ముందే యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా అనుమతి తీసుకోవాలి. ఆఫీసు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. పశువుల డాక్టర్ ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, యజమాని ఒప్పుకోలు జతచేయాలి. తీశాక ఆ సీన్లు చూపించి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. అది లేకపోతే సెన్సార్ దగ్గర ఆగిపోతుంది. బీడీ తాగే సీన్లకు హెచ్చరిక వేయాలన్నది అందరికీ తెలిసిందే.

ఎంపికైనట్టు మెయిల్ వచ్చాక ఇంకో టెన్షన్. థియేటర్‌లో వేయడానికి డీసీపీ, అంటే థియేటర్ ప్రొజెక్టర్ కోసం తయారుచేసే సినిమా డిజిటల్ కాపీ, అడిగారు. పెళ్లి వీడియోల కెమెరా కాబట్టి మాది సెకనుకు 25 ఫ్రేములు, వాళ్లు అడిగింది 24. స్టూడియోవాళ్లు ఊరికే మార్చి ఇచ్చేశారు. 84 నిమిషాల సినిమా 87 దాటింది, గొంతులన్నీ బరువెక్కాయి. సినిమాలో ఒక చెక్క భజన ఉంది. ఆ ఊరి బృందమే పాడింది, హక్కుల గొడవ లేకుండా వాళ్ల దగ్గరా సమ్మతి రాయించుకున్నాం. ఆ భజన వింటే ఎవరో వేరేవాళ్లు పాడినట్టుంది. సబ్‌టైటిళ్లేమో పాత టైమింగ్‌లోనే ఉండి, గంట దాటేసరికి రెండు నిమిషాలకు పైగా ముందే పడుతున్నాయి. శబ్దం శ్రుతి సరిచేయించి, సబ్‌టైటిళ్లు మళ్లీ కూర్చి, ఈసారి ఒక మామూలు థియేటర్‌లో పొద్దుటి ఆటకు ముందు మొత్తం వేయించుకుని చూశాకే పంపాం. హార్డ్‌డిస్క్ తీసుకుని అలాగే పంపేయకండి, తప్పకుండా తెర మీద చూడండి.

మాకు ఆ విభాగంలో జ్యూరీ ప్రత్యేక ప్రశంస వచ్చింది, కొంత నగదుతో. జ్యూరీలో ఒకావిడ నన్ను విడిగా పిలిచి ‘ఇవ్వాల్సినది’ వరుస గురించి అడిగారు. పుస్తకం సంచిలోనే ఉంది, తీసి చూపించాను. మావాడిని ఆ చివరి పావుగంట గురించి చాలాసేపు అడిగారు. వాడు చెబుతుంటే పక్కన కూర్చుని వినడం నాకు ఎంత గర్వంగా అనిపించిందో రాయలేను.

వచ్చిన డబ్బు ముందు వంట చేసినవాళ్లకు, ఆటో అతనికి ఇచ్చాం. సౌండ్ అబ్బాయి వద్దన్నాడు, అయినా అతనికి ఇవ్వాల్సినదాంట్లో సగం ఖాతాలో వేశాను. మిగతావాళ్లకు ఇంకా బాకీ ఉంది. పల్లెలో గుడి ముందు తెర కట్టి సినిమా వేశాం, పెద్దమ్మ ముందు వరుసలో కూర్చుంది.

సెన్సార్ సర్టిఫికెట్ కూడా చేతికొచ్చింది. ఇప్పుడు జాతీయ అవార్డులకు తొలి చిత్ర దర్శకుడి విభాగంలో పంపుతున్నాం. ఇంతకుముందు ఆ నగదు నిర్మాతకూ దర్శకుడికీ చెరిసగం, 2024లో మార్చిన నిబంధనలతో మొత్తం దర్శకుడికే. అదే సరైనదని నిర్మాతగా నేనూ అంటాను.

తెలుగులో సమ్మతి పత్రం, ఖర్చుల పట్టిక నమూనా నా దగ్గర ఉన్నాయి. సినిమా తీస్తున్న పిల్లలెవరైనా షాపుకు రండి, డబ్బులేమీ వద్దు, ప్రింట్ తీసిస్తాను. షూటింగ్ మొదలుకాకముందే రండి.