అయిందంటుంది, కనబడదు

పడుకున్నాను గానీ నిద్ర పట్టక లేచొచ్చి కూర్చున్నా. "మళ్ళీ ఆ డబ్బా ముందుకేనా" అని గొణిగి ఆయన అటు తిరిగి పడుకున్నాడు. పెద్దోడి పరీక్షలు అయిపోయాయి, అడిగినవాళ్ళందరికీ అదే జవాబు. ఇవాళ్టి గొడవ వేరే. ఒక్క బైటు గురించి, అంటే మెమరీలో ఒక చిన్న గడి గురించి.

నేను ఏడాదిగా కెలుకుతున్న ఆ డీబగ్గర్ (ప్రోగ్రాముని మధ్యలో ఆపి లోపల ఏముందో చూసే పనిముట్టు) విండో సంగతి మీకు తెలిసిందే. వెనక అసలు పని చేసేది జీడీబీ అనే డీబగ్గరు, నాది పైన తొడిగిన ముఖం మాత్రమే. మనుషులు టైప్ చేసే కమాండ్లు కాకుండా, ప్రోగ్రాములు దానితో మాట్లాడడానికి ఎంఐ అని ఇంకో భాష ఉంది. కమాండు ముందు నేను ఒక నంబరు తగిలిస్తే జవాబుకి కూడా అదే నంబరు తగిలించి పంపుతుంది, ఏ ప్రశ్నకి ఏ జవాబో తికమక ఉండదు. ఆ పద్ధతి నాకు భలే ఇష్టం.

ఇవాళ చేసింది చిన్న పని. మెమరీ విండోలో ఒక గడి మీద నొక్కి కొత్త విలువ కొడితే అది ఆగి ఉన్న ప్రోగ్రాము మెమరీలోకి వెళ్ళాలి. 03 ఉన్నచోట 05 కొట్టా. మెమరీలో రాయమనే ఎంఐ కమాండు, డేటా-రైట్-మెమరీ-బైట్స్, 214 నంబరుతో వెళ్ళింది. "214^డన్", అంటే అయిపోయింది, అని జవాబొచ్చింది. గడిలో మాత్రం 03 అలాగే కూర్చుని ఉంది.

మళ్ళీ కొట్టా. 215, డన్. 03.

రెండు గంటలు పోయాయి. మొదట అడ్రస్ తప్పేమో అనుకున్నా. తర్వాత కంపైలర్ (నా కోడుని మెషీన్ భాషలోకి మార్చేది) వేగం కోసం ఆప్టిమైజ్ చేసి ఆ వేరియబుల్‌ని ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లో పెట్టిందేమో, నేను మెమరీలో రాసినా దానికి పట్టదేమో అని అనుమానం, ఆప్టిమైజేషన్ తీసేసి మళ్ళీ కట్టా. తర్వాత జీడీబీ ముందే చదివి దాచుకున్న పాత కాపీ చూపిస్తోందేమోనని దాని స్టాక్ కేష్ మీద పడ్డా, అదీ ఆపి చూశా. ప్రతిసారీ అదే డన్, అదే 03. ఒళ్ళు మండింది. మనిషైతే నిలదీయొచ్చు. "స్విచ్ ఆపేశా" అని ఆయన అన్నా నేను లేచెళ్ళి చూసొస్తానని మీకు తెలుసుగా, సగంసార్లు ఆపి ఉండదు మరి. దీన్నేం నిలదీస్తాం.

చివరికి విసుగుతో, మనుషుల కమాండు "సెట్ వార్" ఉంది కదా, దాన్నే కన్సోల్ (మనుషులు కమాండ్లు టైప్ చేసే దారి) ద్వారా పంపా. గడి ఠక్కున 05 అయింది. అంటే రాయడంలో లోపం లేదు. ఇందాకా రాసింది, మొదటిసారే రాసింది. నా విండోకే ఎవరూ చెప్పలేదు. కన్సోల్‌ నుంచి మెమరీ మారితే "=మెమరీ-ఛేంజ్డ్" అని ఒక కబురు వస్తుంది, ఎక్కడ మారిందో, ఎన్ని బైట్లో చెబుతూ. నా విండో ఆ కబురు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. కానీ ఎంఐ కమాండుతో నేనే రాస్తే జీడీబీ ఆ కబురు పంపదు, కావాలనే నొక్కేస్తుంది. నువ్వు రాసిందే కదా, నీకు తెలియదా అన్నట్టు.

ఇది చదివిన గుర్తు లేదు. లేక చదివీ దాటేశానో.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, ఇవాళంతా అదే మెదులుతోంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక చిన్న బోర్డు మీద పని. లూప్ (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేసే కోడు) ఎంతకీ తెమలడం లేదు, ఇంకొక్కసారి తిరిగి బయటికి రావాలని, ఇంకా ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క ఉన్న నాలుగు బైట్లలో నేనే 00 00 00 01 రాశాను. ఒకటి అంటే అదే కదా. బోర్డు మీద లైటు వెలుగుతూ ఆరుతూ, వెలుగుతూ ఆరుతూ. పక్కన మా సీనియర్ కూర్చుని చూస్తున్నారు, ఉలకరు పలకరు. నేను డీబగ్గర్ కేబుల్ పీకి పెట్టా, లైటు దానిమానాన అది కొట్టుకుంటూనే ఉంది. చాలాసేపటికి ఆయన తీరిగ్గా, "ఎన్నిసార్లు తిరగమన్నావమ్మా?" అన్నారు. ఒక్కసారే సార్ అన్నా. పెన్సిల్ తీసి కాగితం మీద 78 56 34 12 అని రాసి, ఇదెంత అని అడిగారు. రాసినట్టే చదివా. ఆయన కాగితం తన వైపు లాక్కుని కింద 12 34 56 78 అని రాశారు. ఆ ప్రాసెసర్ చిన్న స్థానం బైటుని, అంటే మనం కుడి చివర రాసేదాన్ని, ముందు పెడుతుంది. నేను రాసింది ఒకటి కాదు, 1,67,77,216. లైటు అన్నిసార్లు వెలిగే దాకా కూర్చుందామా అని ఆయన నవ్వితే నాకు ఏడుపొచ్చింది. ముందే చెప్పొచ్చు కదా, తప్పు కళ్ళ ముందే కనబడుతుంటే! ఆ కోపం ఏళ్ళ తరబడి ఉంది నాకు. ఇప్పటికీ హెక్స్ (బైట్లని ఇలా రెండేసి అంకెల్లో రాసే పద్ధతి) కనబడగానే కుడి నుంచి ఎడమకి చదువుతాను. పాఠం బాగానే ఎక్కింది, కోపం మాత్రం దిగలేదు.

ఇవాళ జీడీబీ మీద వచ్చింది కూడా అదే కోపం. తెలిసీ చెప్పదేం?

దీనికి ఇది కొత్త కాదు కూడా. ఎక్స్86లో (మామూలు పీసీల ప్రాసెసర్ రకం) బ్రేక్‌పాయింట్ (ఇక్కడ ఆగు అనే గుర్తు) పెడితే అక్కడి ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు తీసి సీసీ అనే బైటు పెడుతుంది. కానీ అదే చోట మెమరీ చదవమని నేనడిగితే, సీసీ చూపించదు, పాత బైటే తెచ్చి చూపిస్తుంది. తన చేతి పని తాను దాచుకుంటుంది. అయితే దాన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు, చూపిస్తే నా కోడే నాకు అర్థం కాకుండా పోయేది.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్ళి ఒకటి చేసి చూశా. కబురు వస్తే బాగుండేది అంటున్నానుగా, సరే, కన్సోల్ దారిలోనే అన్ని రాతలూ పంపిద్దాం అని మార్చా. కబురు వచ్చింది. ప్రతి రాతకీ విండో మొత్తం మళ్ళీ చదువుకుంది. నేను పక్క గడిలో రెండో అంకె కొడుతుండగానే అది తుడిచిపెట్టుకుపోయి కర్సర్ మొదటికి ఎగిరింది. నాలుగు బైట్లు వరసగా మార్చడానికి నాలుగుసార్లు నాతో నేనే పోట్లాడా. అంతా వెనక్కి మార్చేశా.

కాబట్టి తప్పు నాదే. రాసినవాడికి డన్ వచ్చిందంటే వాడే చూసుకోవాలి. ఇప్పుడు 214కి డన్ రాగానే నా కోడే ఆ రాసిన బైట్లని మళ్ళీ చదివి గడులు మారుస్తుంది. పదకొండు లైన్లు. రెండు గంటలకి పదకొండు లైన్లు.

అన్నట్టు ఒక మంచి సంగతి కూడా ఉంది, చెప్పడం మర్చిపోయేదాన్ని. రాసే కమాండు చివర ఒక లెక్క ఇవ్వొచ్చు. 00 అని ఒక్క బైటు ఇచ్చి 64 అంటే 64 చోట్లా అదే నింపుతుంది. నేను దానికోసం లూపు రాసి పెట్టుకున్నా ఇన్నాళ్ళూ, తీసి పారేశా.

చదివే వైపు ఇంకోటి మిగిలింది. 4096 బైట్లు అడిగితే మధ్యలో చదవడానికి వీల్లేని చోటుంటే అది మొత్తం కాదనదు, చదవగలిగిన ముక్కలు విడివిడిగా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాసి పంపుతుంది. నా కోడు ఒకటే ముక్క వస్తుందని నమ్మి మొదటిది తీసుకుని మిగతావి వదిలేస్తోంది. ఎన్నాళ్ళుగా వదిలేస్తోందో తెలీదు. ఇప్పుడే చూశా.

లైటు ఆపమంటున్నాడు ఆయన.