ఆగ్నెస్ ఓబెల్ తరహా పాట: తిరుపతి ఇంట్లో రికార్డింగు

డెన్మార్క్ గాయని ఆగ్నెస్ ఓబెల్ 2016 ఆల్బం 'సిటిజన్ ఆఫ్ గ్లాస్'లో 'ఫెమిలియర్' వింటే ఎవరో మగవాడు తోడు పాడుతున్నట్టుంటుంది. అదీ ఆవిడ గొంతే, స్థాయి దించి వాడారు. పియానో, తీగవాద్యాలు, పొరలుగా పేర్చిన సొంత గొంతు. వాద్యబృందం ఉన్నట్టు తోచేది చాలావరకు ఇందువల్లే. ఇంట్లో ఒక గొంతు, ఒక వయొలిన్, ఒక పియానోతో దీనికి దగ్గరగా వెళ్లవచ్చు.

తిరుపతి సంగీత కళాశాల ఉన్న ఊరు కాబట్టి వయొలిన్ వాయించేవారికి కొదవ లేదు. చిక్కంతా శ్రుతి దగ్గరే. ఎలక్ట్రానిక్ తంబూరాతో పాడేసి తర్వాత పియానో కలిపితే అంతర గాంధారం (సరిగమల్లో పై 'గ') పొసగక కొట్టుకుంటుంది. తంబూరా నాదంలో పలికే గాంధారం పియానో గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు తక్కువ (అరస్వరానికి 100 సెంట్లు). పంచమంలో తేడా 2 సెంట్లే, చెవికి అందదు. అందుకని ముందు పియానో రికార్డు చేసి, అదే హెడ్‌ఫోన్‌లో వింటూ పాడాలి. ఆధార శ్రుతి కావాలంటే వయొలిన్‌తోనే స-ప పట్టించండి.

కర్ణాటక బాణీలో చేయి తిరిగినవారిని గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) మానమని అడగడం కాస్త మొహమాటమే, అయినా అడగాలి. ఒక్క వయొలిన్‌కు గమకం అందం. నాలుగు టేకులు (విడివిడి రికార్డింగులు) పేరిస్తే ఆ ఊపులు ఒకదానితో ఒకటి కలవక శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. మూడు పొరల్లో నిలువు స్వరాలు, ఒక్కదాంట్లోనే గమకం. సెల్లో లేదు కదా అని వయొలిన్‌ను సాఫ్ట్‌వేర్‌లో ఒక స్థాయి (ఆక్టేవ్) మొత్తం దించితే నాదం బొంగురుపోతుంది. మంద్రం (కింది స్వరాలు) పియానో ఎడమచేతికి వదిలేయడం మేలు.

గొంతుకు మైకు జానెడు దూరం, రికార్డింగు 24 బిట్‌లో, పీక్ (గొంతు బాగా పెరిగినప్పటి మీటరు) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర. అసలు పాట తర్వాత తోడుగా మరో నాలుగుసార్లు పాడాలి. కాపీ చేసి అతికిస్తే శబ్దం పెరుగుతుందే తప్ప గొంతులు పెరగవు. తోడు పొరల్లో స, శ అక్షరాలను తేల్చేయాలి, లేకుంటే ఆ బుసలు విడివిడిగా వినబడతాయి. ఆ నాలుగు పొరలను ఎడమకు రెండు, కుడికి రెండు జరిపి, 150 హెర్ట్జ్ కన్నా కింది నాదాన్ని కోసి, అసలు గొంతు కన్నా 10 డెసిబెల్స్ తగ్గించండి.

టైల్స్ నేల, సిమెంటు గోడల మారుమోత ప్రతి టేకులోనూ చేరి అయిదింతలవుతుంది. పాడేవారి వెనక పరుపు నిలబెట్టండి. ఫ్యాను ఆపాలి, మే నెలలో అది శిక్షే. తెల్లవారుజామున ప్రశాంతం అనుకుంటే వీధి గుడి మైకులో సుప్రభాతం మొదలవుతుంది, రాత్రి 11 దాటాకే నయం. రివెర్బ్ (సాఫ్ట్‌వేర్‌లో చేర్చే మారుమోత) చివర్లో, అన్నిటికీ ఒకటే: 2 సెకన్ల పైచిలుకు, ప్రీడిలే (మారుమోత మొదలయ్యే ముందు విరామం) 25 మిల్లీసెకన్లు. తిరుపతి కదా, భక్తి కోసమని గంటలు, వేణువు మాత్రం చేర్చకండి.